సున్నం వేసిన వేసవి

త్రిపుర గడ్డపారతో రెండో పోటు పొడిచిందో లేదో, నేలలోంచి నీళ్లు జివ్వున చిమ్మాయి.

పక్కింటి గోడ మీద ఓ తల లేచింది. తల నిండా సబ్బు నురగ. ఒక కన్ను మూసి ఉంది.

"ఎవరు పైపు పగలగొట్టింది? నేను గిట్లనే డ్యూటీకి పోవాల్నా?"

"మీ పైపు మా పెరట్లో ఎందుకుంది?" అంది త్రిపుర.

"దాన్నే అడుగున్రి. జవాబిస్తే నాకూ చెప్పున్రి."

త్రిపుర నవ్వు ఆపుకోలేకపోయింది.

అతని పేరు అమరనాథ్. సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. తల్లి రాజమణితో నెల క్రితమే ఆ ఇంట్లో దిగాడు. సాయంత్రం తనే వచ్చి పైపు అతికించి, "మేడం, మళ్ల తవ్వేదుంటే ముందుగాల చెప్పున్రి. స్నానం చేసి కూసుంట" అని పోయాడు.

తవ్వేది చాలానే ఉంది. త్రిపుర తండ్రి గోపాలకృష్ణమూర్తి తెనాలి నుంచి ఉద్యోగానికొచ్చి ఇరవై ఏళ్లయింది. సంతోష్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాక గోడకు మేకైనా కొట్టి ఎరగరు. అలాంటి మనిషి 1976 వేసవిలో ఒక్కసారిగా ఇంటి మీద పడ్డారు. గోడలకు సున్నం, కిటికీలకు రంగు, పెరట్లో కూరపాదులు, ముందు మల్లెపందిరి.

ఎలా వచ్చాయో గానీ సగం పనులు అమరనాథ్ చేతికొచ్చాయి. అఫ్జల్‌గంజ్ నుంచి విత్తనాలు కూడా అతనే తెచ్చాడు.

"ఇవేంటి?"

"అనిగెపుకాయ."

"మేం ఆనపకాయ అంటాం."

"పేరు మీ దిక్కు పెట్టుకోన్రి. తీగ గోడెక్కినంక కాయ మా దిక్కు కాస్తది."

ఆ తర్వాత త్రిపురకు ఆ గోడ దగ్గరే పనులు పడసాగాయి.

"ఈ గోడకు మూడో పూత ఎందుకే?" అని తల్లి అమ్మాజీ అడిగితే, "తెల్లగా రాలేదమ్మా" అంది, అటే చూస్తూ.

అయితే ఒక సంగతి అతనికి చెప్పలేదు. తండ్రికి విశాఖపట్నం బదిలీ అయింది. ఈ ముస్తాబంతా ఇల్లు అద్దెకివ్వడానికే.

మే నెలాఖరు ఆదివారం రెండు కుటుంబాలూ జూపార్కుకు వెళ్లాయి. అమ్మాజీ పులిహోర, రాజమణి సర్వపిండి డబ్బాలకెత్తారు. ఏనుగుల దగ్గర ఉన్నట్టుండి వాన దంచింది. పెద్దవాళ్లు రేకుల షెడ్డు కిందికి పరుగెత్తారు. వెనకబడ్డ ఇద్దరికీ ఓ వేపచెట్టే గొడుగయింది.

"వచ్చే ఎండకాలం మీ మిద్దె మీద కుండీలు పెడదాం" అన్నాడు అమరనాథ్, మొహం తుడుచుకుంటూ.

"వచ్చే వేసవికి మేం ఇక్కడుండం" అంది త్రిపుర. బదిలీ సంగతి చెప్పింది.

అతను మొహం తుడుచుకోవడం ఆపాడు. "మరి నాకెందుకు చెప్పలే?"

"చెబితే రావడం మానేస్తారని."

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. చెవులు వేడెక్కాయి.

"ఎంత పిచ్చి! చెప్పుంటే దినానికి రెండుసార్లు వచ్చెటోన్ని." అతని గొంతు తగ్గింది. "పోవాలనుందా నీకు?"

మేడం పోయి 'నీకు' వచ్చింది. త్రిపురకు ఆ మాటే వానకంటే చల్లగా తగిలింది.

"మిమ్మల్ని వదిలి పోవాలని లేదు. చాలా? ఇంకా చెప్పాలా?"

"చాలు" అన్నాడు అమరనాథ్.

ఆ తర్వాత నాలుగు రోజులు అతను గోడ దగ్గరకే రాలేదు. త్రిపురకు అన్నం సహించలేదు. తొందరపడి నోరు జారానేమో అని లోలోపల కుమిలిపోయింది.

ఐదో రోజు సాయంత్రం రాజమణి పట్టుచీర కట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొడుకుతో గుమ్మంలోకి వచ్చింది. మూర్తిగారు సంబరపడిపోయారు.

"ఎందుకొచ్చారో తెలుసులెండి. మీకివ్వడంకంటే నాకింకేం కావాలమ్మా! చేతులారా తీర్చిదిద్దుకున్నాం. పదిలంగా చూసుకోవాలి."

"కండ్లల్ల పెట్టుకొని చూస్తం అన్నా."

"ఏ లోటూ రానివ్వకూడదు."

"అయ్యో, కోడలంటనా? బిడ్డ లెక్క చూసుకుంట!"

"కోడలేమిటి? నేను అద్దెకిచ్చే ఇంటి గురించి చెబుతున్నాను."

"ఇల్లు మాకెందుకన్నా, పక్కకే ఉన్నది. మేం పిల్లనడగనీకి వచ్చినం. మంచి దినం దాంక వీణ్ణి గోడ దిక్కు పోనియ్యలే."

మూర్తిగారు భార్య వైపు తిరిగారు. ఆవిడ కొంగుతో నవ్వు దాచుకుంటోంది. "ఈ ఇంట్లో మీకు తప్ప అందరికీ తెలుసు" అంది.

ఆయన త్రిపురను దగ్గరకు పిలిచారు. ఈసారి గొంతులో సంబరం లేదు. "వీళ్ల మాట వేరు, మర్యాదలు వేరు. కష్టమొస్తే పరుగెత్తి రావడానికి మేం పక్క వీధిలో ఉండం. ఆలోచించుకున్నావా తల్లీ?"

"ఆలోచించుకున్నాను నాన్నగారూ. నాకు వీళ్ల దగ్గరే ఉండాలనుంది."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. తర్వాత అమరనాథ్‌ను అడిగారు. "వారానికో ఉత్తరం రాస్తావా?"

"రాస్త సార్. కానీ నా మాటలు మీకు సమజైతయో కావో!"

"కాకపోతే రైలెక్కి వచ్చి అడుగుతాను" అన్నారు మూర్తిగారు. ఆ వెంటనే వీధంతా వినబడేలా, "అమ్మాజీ! కాఫీ కాదు, పాయసం పెట్టు!" అని కేకేశారు.