అలసిపోని కణాలు

"మూడు వారాల్లో నన్ను చంపుతారు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్, యూరిన్ బ్యాగ్‌ని మంచం పక్కన తగిలించుకుంటూ. "ఆలోగా కేన్సర్ తొందరపడకపోతే."

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్‌కి పెళ్ళై ఇరవై రోజులు. కోడ్ నేమ్ కూడా కొత్తపెళ్ళికూతురు. పెట్టింది చీఫే, ఏడిపించడానికి.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. చీఫ్‌కి మూత్రాశయంలో కేన్సర్. అతని రక్తంలోని, రోగంతో పోరాడే టీ సెల్స్ తీసి, ల్యాబ్‌లో మూడు వారాలు పెంచి, తిరిగి ఎక్కిస్తారు. విదేశీ ముఠా ఆ కణాల సంచిని మార్చబోతోందని కబురు. పరాయి కణాలు ఒంట్లో చేరితే ఆ ఒంటినే కొరుక్కుతింటాయి. చూసేవాళ్ళకి వైద్యం వికటించినట్టే ఉంటుంది.

"ల్యాబ్ డాక్టర్ మన మనిషే. 'వాన వెలిసిందా' అని అడుగు. 'గొడుగు ఆరలేదు' అంటుంది."

"ఆవిణ్ణి నమ్మొచ్చా సార్?"

"నేను నిన్నే నమ్మను. వెళ్ళు."

డాక్టర్ చెవులకి ముత్యాలు, తెల్లకోటు కింద పట్టుచీర. గొడుగు ఆరలేదని నవ్వుతూ చెప్పి, టెక్నీషియన్ వేషంలో ఉన్న కొత్తపెళ్ళికూతురికి మైక్రోస్కోప్ చూపించింది.

"మగవాళ్ళ టీ సెల్స్ ఈ కేన్సర్‌తో కాసేపు పోరాడి చతికిలబడతాయి చెల్లీ. వాళ్ళ హార్మోన్ల మహిమ. ఆడవాళ్ళవి అంత తొందరగా అలసిపోవు. ఇదిగో, పోలికకి నావి."

పక్క సీసాలో డాక్టర్ సొంత కణాలు. పోలిక కోసం సిబ్బంది రక్తమే వాడటం అక్కడ అలవాటు.

రోజూ చీఫ్ కణాలు లెక్కపెట్టడమే ఏజెంట్ పని. రోజూ అవి నీరసంగానే ఉండేవి. లంచ్ బాక్స్‌లో మాత్రం మొగుడి చీటీ ఉండేది: 'కాటుక తగ్గించు. మైక్రోస్కోప్ కుళ్ళుకుంటుంది.' ఆ మురిపెంతో మధ్యాహ్నం గడిచిపోయేది.

చివరి రోజు ఉదయం చీఫ్ కణాలు చురుగ్గా కదిలాయి. ల్యాబంతా చప్పట్లు కొట్టింది. ఆమె కొట్టలేదు. మూడు వారాలు మూలిగినవి ఒక్క రాత్రిలో లేచి కూర్చుంటాయా? చాటుగా, మగవాళ్ళకే ఉండే వై క్రోమోజోమ్ కోసం టెస్ట్ పెట్టింది. ఫలితం వచ్చేసరికి పదీ యాభై ఎనిమిది. వై లేదు. ఇవి ఆడమనిషి కణాలు. పోలిక సీసా ఖాళీగా ఉంది.

పదకొండుకి ఎక్కించాలి. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ట్రాన్స్‌మిటర్ గడియారం మూగబోయింది. చీఫ్ గదికి రెండంతస్తులు పరిగెత్తింది. ట్యూబ్‌లో ద్రవం చీఫ్ మోచేతికి బెత్తెడు దూరంలో ఉంది. మొగుడు కొనిచ్చిన జడక్లిప్పు లాగి ట్యూబ్‌ని నొక్కేసింది. ద్రవం ఆగింది.

"ఇవి డాక్టర్‌గారి కణాలు సార్."

మంచం పక్కనే ఉన్న డాక్టర్ బెదరలేదు. "క్లిప్పు బాగుంది చెల్లీ. కానీ ఆయన అసలు సంచిని పొద్దున్నే బ్లీచ్‌లో పోసేశాను. ఇక దేనితో బతికిస్తావు?"

తలుపు దగ్గరి గార్డులు డాక్టర్ చేతులు విరిచి పట్టుకున్నారు. ఒక ముత్యం ఊడి దొర్లింది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

"మళ్ళీ పెంచడానికి ఎన్నాళ్ళు?" అడిగాడు చీఫ్.

"మూడు వారాలు సార్." అంది ఏజెంట్. "అప్పటిదాకా మీరు..."

"ఉంటాను. పని దొరికిందిగా." చీఫ్ డాక్టర్‌ని తీరిగ్గా తేరిపార చూశాడు. "ముఠాలో ఒక్కో పేరూ అడుగుతాను డాక్టరమ్మా. ఆడవాళ్ళు తొందరగా అలసిపోరని మీరే అన్నారటగా. చూద్దాం."