అన్న చేతిలో పెట్టిన పిల్ల

పొద్దున్నే ఇస్త్రీ పెట్టె దగ్గర రగడ మొదలైంది. ఎస్సై గారి యూనిఫాం కాలరు మీద మడత పోలేదట. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఖాకీ చొక్కాలు ఇస్త్రీ చేస్తూ చెయ్యి తిరిగిన భర్తకు అంతకన్నా అవమానం ఏముంటుంది!

"దొంగల్ని బెదిరించుకో, నన్ను కాదు" అన్నాడాయన.

"ఇవాళ కూడా ట్రైనింగేలెండి, స్టేషన్ లేదు. ఆడవాళ్లు ఆడవాళ్లనీ, మగాళ్లు మగాళ్లనీ ఇష్టపడతారు చూడండి, వాళ్లని ఎవరైనా కొడితే మేం ఎలా మాట్లాడాలో నేర్పుతున్నారు. నిన్న మా హెడ్ కానిస్టేబులు దెబ్బలు తిన్నవాడిలా నటిస్తుంటే నవ్వలేక చచ్చాం!"

ఆయన పకపకా నవ్వాడు. కూతురు నవ్వలేదు. నాలుగు రోజులుగా ఆ పిల్ల వరస అంతే. కంచంలో అన్నం కెలకడం, ఎవరికో ఫోన్ చెయ్యడం, అవతల ఎవరూ ఎత్తక పక్కన పడెయ్యడం.

"ఏమే, ముఖం అలా వేలాడేశావు? నా దగ్గర దాచకు, నేను పోలీసుని."

"అదేగా నా భయం" అంది కూతురు.

తండ్రి అదీ జోకే అనుకున్నాడు. ఎస్సై మాత్రం కూతురి వైపు ఒకసారి తిరిగి చూసింది. కానీ ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.

ట్రైనింగ్ హాల్లో పాఠం చెబుతున్నావిడ లాయరు. "దెబ్బలు తిని వచ్చినవాళ్లని అడగకుండా వాళ్లింటికి ఫోన్ చెయ్యకండి. కొట్టించినవాడు ఆ ఇంట్లోనే ఉండొచ్చు" అంది.

ఎస్సైకి చిర్రెత్తుకొచ్చింది. లేచి నిలబడింది.

"మరి ఆడపిల్లని ఒంటరిగా పంపమంటారా మేడం? నా జన్మలో ఆ పని చెయ్యలేదు. నాలుగు రోజుల కిందట ఒక పిల్ల పెదవి చిట్లి స్టేషన్‌కి వచ్చింది. ఇంకో ఆడపిల్లని ప్రేమించిందనే కొట్టారట. వాళ్లన్నని పిలిపించి, చేతిలో చెయ్యి పెట్టి మరీ పంపించాను."

"అన్నని పిలవమని తను అడిగిందా?"

"ఎందుకడుగుతుంది? వద్దని ఒకటే ఏడుపు."

"కొట్టిందెవరో చెప్పిందా?"

"చెప్పబోతుంటే అన్న వచ్చేశాడు. అతన్ని చూడగానే ఇక..."

ఎస్సై మాట మధ్యలోనే ఫోన్ తీసింది.

ఆమె బయటికొచ్చి ఆ అన్నకు ఫోన్ చేసింది. "చెల్లి ఊరెళ్లింది మేడం. అంతా మీ దయ" అన్నాడతను, ఎంతో మర్యాదగా. ఆ గొంతు వెనక ఎవరో తలుపు దబదబా బాదుతున్నారు. ఫోన్ కట్టయింది.

వెంటనే భర్త ఫోన్. "నువ్వు త్వరగా రా. మన పిల్ల ఎవరింటికో వెళ్లి తేల్చుకుంటానంటోంది. నా వల్ల కావట్లేదు!"

ఎస్సై జీపులో ఇంటికొచ్చేసరికి తండ్రి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. కూతురు చెప్పులేసుకుని ఆయన్ని పక్కకు నెడుతోంది.

"మొన్న నీ దగ్గరికి పెదవి చిట్లి ఒక అమ్మాయి వచ్చింది. గుర్తుందా?" అంది తల్లిని చూడగానే. "కొట్టించింది వాళ్లన్నే. తన స్నేహితుల చేత నడివీధిలో కొట్టించాడు. మా అమ్మ మంచిది, వెళ్లి చెప్పుకో అని నేనే పంపించానమ్మా!"

"నువ్వా? నువ్వెందుకు..."

"తను ప్రేమించింది నన్నే."

తండ్రి అక్కడే గడప మీద కూలబడ్డాడు. "నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?" అంది ఎస్సై.

"తను వచ్చి చెప్పిందిగా. ఏం చేశావు?"

ఎస్సై కూతుర్ని జీపెక్కించుకుంది. దారిలో స్టేషన్ దగ్గర ఒక కానిస్టేబుల్‌ని కూడా ఎక్కించుకుంది.

అన్న గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "రండి మేడం, టీ తాగుతారా?" అన్నాడు నవ్వుతూ. కానిస్టేబుల్ అతని భుజం పట్టుకున్నాడు. లోపలి గదికి బయటి నుంచి గడియ పెట్టి ఉంది. ఎస్సై తన చేత్తోనే తీసింది. ఖాకీ బట్టలు కనబడగానే ఆ పిల్ల గోడకు అతుక్కుపోయింది.

"నాకేం ఫిర్యాదు లేదు మేడం. మీకు దణ్ణం పెడతాను, ఎవరికీ ఫోన్ చెయ్యకండి."

ఎస్సై కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆ రోజు నువ్వు వద్దు వద్దంటున్నా వినలేదు. తప్పు నాదేనమ్మా. నీకూ అతనికీ మధ్య నేను నిలబడతాను. నీకిష్టమైతేనే రా" అంది, అందరికీ వినబడేలా.

చాలాసేపటికి ఆ పిల్ల, ఎస్సై కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. మెట్ల దగ్గర అన్న గొంతు తగ్గించాడు.

"మీ అమ్మాయా మేడం? రోజూ పొద్దున రాళ్ల వంతెన దగ్గరే బస్సెక్కుతుందటగా. మా వాళ్లు చెప్పారు."

ఎస్సై కూతుర్ని తన వెనక్కి లాక్కుంది. కొట్టినవాళ్లు ఇంకా బయటే తిరుగుతున్నారు. ఇన్నేళ్లూ ఎంతమంది తల్లులకు ఏం కాదులెమ్మని చెప్పి పంపిందో! ఇప్పుడా మాట తనకు తాను చెప్పుకుందామంటే నమ్మబుద్ధి కాలేదు. అతన్ని స్టేషన్‌కి తీసుకురమ్మని కానిస్టేబుల్‌కి చెప్పి జీపెక్కింది.

వెనక సీట్లో ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. కూతుర్ని ఇంటి దగ్గర దిగిపొమ్మనబోయి ఎస్సై ఆగింది.

"ఎక్కడుంటే మీకు ధైర్యంగా ఉంటుందో చెప్పండి" అంది.

కూతురు అప్పుడు బావురుమంది.

"నీ దగ్గరేనమ్మా. ఇంకెక్కడుంటాం?"