మూడు కాదు, ఎనిమిది

మూడోసారి కూడా నెట్ బాగుచేసే అతనొచ్చేసరికి సైట్లన్నీ బుద్ధిగా తెరుచుకున్నాయి.

"ఏమైందండీ? అన్నీ ఓపెనవుతున్నాయిగా!"

"మీరెళ్లాక రండి, తెలుస్తుంది!" అందామె ఒళ్లు మండి.

అతను నవ్వాపుకుని నెట్ బాక్సు ఆపి, మళ్లీ వేశాడు. ఆ అపార్ట్‌మెంటులో అతన్ని అందరూ 'రీస్టార్ట్' అనే పిలుస్తారు. ఏ జబ్బుకైనా అదే మందు మరి.

"ఈసారి పోతే టైం రాసిపెట్టండి," అని టీ తాగి వెళ్లాడు.

ఆమె సింకులో రెండు గ్లాసులు చూసింది. మామూలు రోజుల్లో ఒకటే ఉంటుంది.

డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేయడం ఆమె పని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెవుల్లో గొంతులే. ఒక్క గొంతూ ఆమెతో మాట్లాడదు. ఒంటరితనానికి కంప్లైంట్ నంబరు లేదు. ఉన్నా, అరగంట పాట వినిపించి పెట్టేస్తారు.

నెట్ పోయిన టైములు రాసింది. వచ్చినప్పుడల్లా అందులోనే కారణం వెతికి చదివింది. అసలు సంగతి చిన్నదే. సైటు పేరు చెబితే దాని అడ్రసు వెతికిచ్చే సర్వర్లు రెండు. బాక్సు వాటిని వంతులవారీగా అడుగుతుంది. ఒకటి పలుకుతుంది. రెండోది పలకదు, ఎందుకంటే దాని నంబరే తప్పు. బాక్సు కింద అతను అంటించిన చీటీలో ఆ నంబరు చివర ఎనిమిది ఉంది. సెట్టింగుల్లో మూడుంది. బిగించిన రోజు అతనే తప్పు కొట్టాడు. తన చేత్తో కొట్టిన అంకెను తానే అనుమానించే మగాడు ఇంకా పుట్టలేదు.

ఎనిమిది కొట్టింది. అంతే! సైట్లన్నీ టకటకా తెరుచుకున్నాయి.

రెండు రోజులు అన్నీ తెరుచుకున్నాయి. తలుపు మాత్రం ఎవరూ తట్టలేదు.

మూడోరోజు మళ్లీ మూడు కొట్టి, కంప్లైంట్ ఇచ్చింది.

ఫోన్లో అక్క పగలబడి నవ్వింది. "ఎన్నిసార్లు బాగుచేస్తాడే ఆ మహానుభావుడు? పెళ్లి చేసుకుంటే ఇంట్లోనే పడుంటాడు కదా!"

అతను వచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"ఏమైంది?" అని అతను వచ్చినప్పుడల్లా అడిగే మాట ఈసారి ఆమె అడిగింది.

"ఒకే ఇంటి నుంచి నాలుగో కంప్లైంట్. నాకు పని రాదంటున్నారు. సోమవారం నుంచి ఈ వీధి ఇంకొకడిది. నేను గోడౌన్లో వైర్లు చుట్టాలి."

ఆమె నోరు మూసుకుంటే చాలు, తన పరువు దక్కుతుంది. అతనికి పని రాదన్న పేరే మిగులుతుంది.

సెట్టింగులు తెరిచి లాప్‌టాప్ అతనివైపు తిప్పింది.

"మూడా?" అతను చీటీ చూశాడు. "అయ్యో, నేనే..."

"మొదటిసారి మీరే. సరిచేసి, మళ్లీ మూడు కొట్టింది నేను."

"ఎందుకు? నా ఉద్యోగంతో ఆటలా?"

"రోజంతా ఇన్ని గొంతులు వింటాను. ఏమైందని అడిగేది మీరొక్కరే."

ఆమె అతని ఆఫీసుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "నాలుగో కంప్లైంట్ అబద్ధమండీ. చెడగొట్టింది నేనే. ఆయనకి పని వచ్చు."

అతను ఫోను లాక్కున్నాడు. "మొదటి మూడూ నా తప్పే సార్. నంబరు నేనే తప్పు కొట్టాను."

ఎనిమిది కొట్టి, టీ ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఆ తరువాత పదిరోజులు నెట్ ఒక్క క్షణం ఆగలేదు. ఆమెకి ఆ నెట్ మీదే కోపం వచ్చింది. సింకులో ఒకటే గ్లాసు.

ఆదివారం వాన పడుతుండగా బెల్ మోగింది. అతనే. భుజాన బ్యాగ్ లేదు, నెత్తిన గొడుగూ లేదు.

"నేను కంప్లైంట్ ఇవ్వలేదే!"

"తెలుసు."

"వీధి?"

"పోయింది. గోడౌనే. నిజం చెప్పినందుకు ఉద్యోగం మాత్రం ఉంచారు." జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. "అక్కడ పలకరించే దిక్కు లేదండీ. వైర్లు, నేను. మీ కోపం తగ్గిందో లేదో..."

"కోపం మీకు కదా!"

"నాకెప్పుడో తగ్గింది. రావడానికి సాకు దొరక్క ఇన్నాళ్లు పట్టింది. ఈసారి కంప్లైంట్ నాదండీ."

ఆమె తలుపు బార్లా తీసింది. స్టవ్ మీద రెండు గ్లాసుల నీళ్లు పెట్టి, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఊఁ, చెప్పండి. ఏమైంది?"