మాట్లాడే పాచిక

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. హో పట్టణంలో బడి ముందు రోడ్డు దాటుతున్న ఎలికెమ్ అగ్బెకో మాస్టారిని నంబరు ప్లేటు లేని బూడిదరంగు జీపు గుద్దేసింది. గుద్ది ఆగింది. వెనక్కి వచ్చి, రెండోసారి ఆయన మీదుగా వెళ్ళిపోయింది.

ఆ రెండోసారి వల్లే అది ప్రమాదం కాదని తేలింది.

సాయంత్రం నాలుగింటికి, రాజధాని అక్రాలోని గూఢచారి బ్యూరో ఆఫీసులో డైరెక్టర్ బైడూ టేబుల్ మీద మాస్టారి జేబులో దొరికిన వస్తువు ఉంది. పగిలిన ప్లాస్టిక్ పాచిక. పగుల్లోంచి సన్నటి రాగి తీగ కనిపిస్తోంది.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ సెనామ్ అగ్బెకో కూర్చోలేదు. ఏడవలేదు కూడా.

"ఈ కేసు నీకివ్వకూడదమ్మాయ్. పోయింది నీ సొంత అన్న."

"అందుకే ఇవ్వండి సార్. వేరేవాళ్ళు డ్యూటీ చేస్తారు. నేను పగ తీర్చుకుంటాను."

బైడూ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, ఫైలు ముందుకు తోశాడు.

ఫైల్లో ఉన్నది సెనామ్‌కి సగం తెలుసు. ఎలికెమ్ బడిలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు, అదీ పనిచేయదు. అందుకని మూడేళ్ళు కష్టపడి అట్ట మీద ఒక ఆట తయారుచేశాడు. అట్ట నిండా ఊరి వీధులు, వాటి మీద జనాన్ని ఎక్కించుకు తిరిగే ఎర్ర ట్రోట్రో వ్యాను. పిల్లలు వ్యానుని ఇష్టమొచ్చినట్టు జరపకూడదు. ముందే కార్డులు వరుసగా పేర్చాలి: ముందుకు ఒక గడి, కుడికి తిరుగు, రోడ్డు మూసి ఉంటే పక్క వీధి. పేర్చింది పేర్చినట్టే వ్యాను నడుస్తుంది. కాలవలో పడితే తప్పు వ్యానుది కాదు, ఏ కార్డుదో వెతుక్కోవాలి. మొదట్లో కాలవలో పడితే ఔట్ అనేవాడు. పిల్లలు ఏడ్చి ఆట మానేసేవాళ్ళు. ఆ నియమం తీసేసి, తప్పు కార్డు కనిపెట్టినవాళ్ళకి ఇంకో గడి బహుమతిగా ఇచ్చాడు. ఇక పిల్లలు బడి గంట కొట్టినా లేవలేదు. ఒకరోజు ఒక పిల్ల, "ఒకే కార్డు ఆరుసార్లు ఎందుకు పెట్టాలి మాస్టారూ? ఆరుసార్లు అని ఒక కార్డు రాసివ్వచ్చుగా?" అంది. అలా పుట్టింది 'మళ్ళీ చెయ్యి' కార్డు. "ప్రోగ్రామింగ్ అంటే ఇదేనే చెల్లాయ్, ఆ పిల్లకి ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది" అని అన్న ఫోన్లో గంటసేపు మురిసిపోయాడు.

ఆ ఆటని అచ్చువేసి ఊరికే పంచుతామని ఒక విదేశీ సంస్థ ముందుకొచ్చింది. దాని పెద్ద వోస్. ఎన్ని కార్డులు పేర్చాలో తేల్చడానికి ఎలికెమ్ పెట్టిన చెక్క పాచిక తీసేసి, పడిన అంకెని పైకి చెప్పే ఎలక్ట్రానిక్ పాచిక పెట్టించాడు. మొదటి ఎనిమిది వందల పెట్టెలు సైనిక క్వార్టర్ల బడులకే.

"పాచికలో మైకు ఉంది," అన్నాడు బైడూ. "పిల్లలు ఇంటికి తీసుకెళతారు. భోజనాల దగ్గర తండ్రులు మాట్లాడేదంతా పరాయి దేశం వింటుంది. శుక్రవారం పన్నెండింటికి అన్ని బడుల్లో పెట్టెలు విప్పుతారు. సరిగ్గా అప్పుడే వోస్ ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ పంపుతుంది. పాచికలు నిద్రలేస్తాయి."

"పెట్టెలు ఆపేయండి."

"ఆపితే వోస్ విమానం ఎక్కేస్తాడు. ట్రాన్స్‌మిటర్‌తో సహా పట్టుకోవాలి. వాడి దగ్గర మన మనిషి ఉంది, సొలాంజ్. పాచిక విప్పి చూడగానే మీ అన్న మనకే ఫోన్ చేశాడు. ఆమెనే ఆయన దగ్గరికి పంపాను."

"ఎప్పుడు సార్?"

"సోమవారం."

సెనామ్ ఫైలు మీద అన్న పోయిన రోజు చూసింది: మంగళవారం. ఫైలు మూసేసింది.

గురువారం మధ్యాహ్నం, సముద్రం ఒడ్డున చాప్ బార్ అనే చిన్న భోజనశాల. పసుపుపచ్చ సిల్కు గౌనులో సొలాంజ్ లోపలికి రాగానే నాలుగు టేబుళ్ళవాళ్ళు తినడం ఆపేశారు.

"ఎర్ర వ్యాను దొరికిందా?" అంది సొలాంజ్. అది కోడ్.

"కాలవ పక్కన ఆగింది," అంది సెనామ్.

"అన్న సంగతి విన్నాను చెల్లీ. ఎంత మంచి మనిషి! నాకు ముద్ద దిగడం లేదు." అంటూనే కాల్చిన తిలాపియా చేపలోంచి ముల్లు నేర్పుగా లాగింది. ఆ ముక్క నోట్లో వేసుకుంది.

సెనామ్ ఆ వేళ్ళకేసి చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. "అక్కా, నీకొక్కదానికే చెబుతున్నా. రేపు పదకొండున్నరకి వోస్ దిగిన హోటల్ మీద రైడ్. డైరెక్టర్‌కి కూడా తెలీదు."

సొలాంజ్ చేతులు కడుక్కోవడానికి లేచింది. తొమ్మిది సెకన్లు. అంతలో, బ్యూరో ల్యాబ్‌లో బాగుచేసిన అన్న పాచిక ఆమె హ్యాండ్‌బ్యాగు అస్తరులోకి జారింది. రేపు వోస్ హోటల్ వదిలి పారిపోతే, చెప్పింది సొలాంజే.

శుక్రవారం పదకొండు గంటల నలభై నిమిషాలు. అఫ్లావ్ సరిహద్దు గేటు. దాటితే పక్క దేశపు లోమే నగరం. వాహనాల వరుసలో బూడిదరంగు జీపు, ఇప్పుడు దానికి నంబరు ప్లేటు ఉంది. దాని ముందు నెరిసిన విగ్గు, చిరుగుల గుడ్డతో కొబ్బరి బొండాల బండి తోస్తూ సెనామ్. చెవిలో గుండీ అంత రిసీవర్; సొలాంజ్ సంచిలో పాచిక రాత్రే ఈ దారి చెప్పేసింది. జీపులో మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"వెర్రిది. నన్ను పట్టుకుని అక్కా అని ఏడ్చింది," సొలాంజ్ నవ్వు.

"అన్న కూడా అంతేగా! అన్నీ నీకే చెప్పాడు." అది వోస్ గొంతు.

"అది సరే. రెండోసారి ఎందుకు ఎక్కించావ్? ఒకసారి చాలేది."

"కదిలాడు."

సెనామ్ వేళ్ళు బొండాల కత్తి పిడి చుట్టూ బిగుసుకున్నాయి.

పదకొండు యాభై తొమ్మిది. జీపు కప్పు మీద యాంటెన్నా లేచింది. "పన్నెండుకి సిగ్నల్ దానంతటదే వెళ్తుంది. అప్పటికి మనం అవతల ఉంటాం," అంటున్నాడు వోస్. గేటు తెరుచుకుంటోంది.

బండి జీపుకి అడ్డంగా ఒరిగింది. బొండాలు రోడ్డంతా దొర్లాయి.

"ఏయ్ ముసలిదానా! అడ్డు తీయ్!"

"తొందరేంటి దొరా? ఎండ మండిపోతోంది, ఒకటి తాగి పో."

వోస్ ఒళ్ళో ఉన్న ట్రాన్స్‌మిటర్ పెట్టె లెక్క మొదలుపెట్టింది. పది. తొమ్మిది. సెనామ్ బానెట్ మీదికి ఎగిరింది. అయిదు. నాలుగు. కప్పు మీద నల్ల తీగ దొరికింది. రెండు. కత్తి దిగింది.

పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. సిగ్నల్ పోలేదు.

మరుక్షణం కత్తి అంచు కిటికీలోంచి వోస్ మెడ మీద ఆనింది. సన్నటి నెత్తుటి చార కాలర్‌లోకి దిగింది.

"ఎ... ఎవరు నువ్వు?"

"నువ్వు చంపిన మాస్టారి చెల్లెల్ని. కదిలాడని ఎక్కించావు కదూ? ఇప్పుడు నువ్వు కదులు చూద్దాం."

కస్టమ్స్ షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చిన బ్యూరో మనుషులు ఆగిపోయారు. ఎవరూ ఆమెని ఆపే ధైర్యం చేయలేదు. వోస్ కదల్లేదు. రెప్ప కూడా వేయలేదు. ఆమె వాణ్ణి నిండా రెండు నిమిషాలు అలాగే ఉంచింది. ఆ తర్వాతే బేడీలు వేయనిచ్చింది.

"చెల్లీ! నేను మీ మనిషినే! వాణ్ణి నమ్మించడానికే అలా మాట్లాడాను!"

"మా అన్న కూడా నిన్ను మా మనిషివనే అనుకున్నాడు."

సెనామ్ హ్యాండ్‌బ్యాగు అస్తరు చింపి పాచికని బానెట్ మీదికి విసిరింది. అది దొర్లి ఆగి, చిన్నపిల్ల గొంతుతో ముద్దుగా "మూడు" అంది. సొలాంజ్ బేడీలకి చేతులు చాచింది.

ఫోన్ మోగింది. బైడూ.

"వోస్?"

"బతికే ఉన్నాడు సార్. మెడ మీద చిన్న గాటు. గడ్డం గీసుకుంటూ కోసుకున్నాడని రాసుకోండి."

"పాచికలన్నీ వెనక్కి తెప్పిస్తున్నాను. వడ్రంగులు చెక్కవి చేస్తున్నారు. పెట్టె మీద మీ అన్న పేరు వేయిస్తున్నాం."

సెనామ్ బానెట్ మీది పాచికని తీసి గుడ్డ చెంగున ముడేసుకుంది.

"కోపం తీరిందా అమ్మాయ్?"

"లేదు సార్." రోడ్డు మీద దొర్లిన కాయలకేసి చూసి, ఆమె కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఇంకా పదకొండు బొండాలు మిగిలాయి. వాటి తలలు నరికేసి వస్తాను."