పీఠం మీది ముఖం

"నోరు మూసుకోండి. పెదవులు కదిలితే మీ అన్నగారి మూతి వంకరపోతుంది."

"మూసుకుంటే ఆయన నవ్వుముఖం మనిషని మీకెలా తెలుస్తుందండీ?"

హనోయ్ పాతవీధిలో, పోయినవారి బొమ్మలు గీసే చిన్న షాపులో, బొమ్మలు గీసే థోవాకూ, గీయించడానికి వచ్చిన ఖాంగ్‌కూ జరిగిన మొదటి తగవు ఇది. బయట మంచులాంటి సన్నజల్లు. కుంచెకు బొగ్గుపొడి అద్దుకుంటూ ఆమె అతనివైపు కోపంగా చూసింది. కోపానికి కావలసినదానికన్నా కాస్త ఎక్కువసేపే చూసింది.

ఖాంగ్ వాళ్ళ అన్నయ్య విన్ ఇరవయ్యో ఏట యుద్ధంలో పోయాడు. ఇంటికి ప్రశంసాపత్రం వచ్చింది, శవం రాలేదు. ఉన్న ఒక్క ఫోటో బాంబులకు ఇంటితోపాటు కాలిపోయింది. ఆ రోజుల్లో నగరంలో గోడగోడకూ సైనికుల బొమ్మలుండేవి. అన్నిటికీ ఒకటే దవడ, ఒకటే చూపు. చావుకు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచినవారికి, ఒక్కొక్కరి ముఖాన్నీ దాచాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఇరవై ఏళ్ళుగా తల్లి ముయ్ గారు, పూర్వీకుల పీఠం మీద, ముఖం లేని కొడుకుకు అన్నం పెడుతూ వచ్చింది. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పోలిక అని ఆమె అన్నందుకే ఖాంగ్ ఈ షాపులో వచ్చి కూర్చున్నాడు.

బతికున్నవారిని చూసి పీఠం బొమ్మ గీయరాదన్నది థోవాకు తండ్రి నేర్పిన మొదటి పాఠం. బతికున్న ముఖానికి ధూపం వేస్తే ఆయుష్షు తరుగుతుందని అక్కడివారి నమ్మకం. అందుకే ఆమె ముందుగానే హద్దు పెట్టింది.

"నుదురూ ముక్కూ మూతీ చెవులూ, అంతవరకే మీవి. కళ్ళు మాత్రం మీ అమ్మగారు చెప్పినట్టు గీస్తాను."

"నా కళ్ళకేం లోపం?"

"లోపం లేకపోవడమే చిక్కు," అనేసి థోవా నాలుక కరుచుకుంది.

అప్పటినుంచి అతను రాని రోజు లేదు. వచ్చినప్పుడల్లా అరిటాకులో చుట్టిన వేడివేడి జిగటన్నం తెచ్చేవాడు.

"మళ్ళీ ఎందుకొచ్చారు?"

"చెవి కుదిరిందో లేదో చూద్దామని."

"నిన్నా చెవికే వచ్చారు."

"అది ఎడమది. మనిషికి రెండే చెవులు పెట్టిన దేవుడిమీద నాకు చాలా కోపంగా ఉందండీ."

బొమ్మ పూర్తయింది. ముయ్ గారు దాన్ని చూడగానే గుండెకు హత్తుకుని, "వచ్చావా నాయనా!" అని ఏడ్చింది. పీఠం వెనక గోడకు కొత్తగా సున్నం వేయించి బొమ్మ తగిలించింది. ఆ పూటనుంచి పీఠం ముందు ధూపం ఆరలేదు.

మరుసటి వసంతానికి 'అండీ'లు రాలిపోయాయి. ఖాంగ్ థోవాను తల్లికి చూపించడానికి ఇంటికి తీసుకువెళ్ళాడు.

"ముందు మా పెద్దవాడికి ధూపం వెయ్యమ్మా. తమ్ముడి పెళ్ళి వాడికి చెప్పకుండా ఎలా?" అంది ముయ్ గారు.

థోవా అగరొత్తులు వెలిగించి తలెత్తింది. చెయ్యి ఆగిపోయింది. బొమ్మలో ఎడమ కనుబొమ మీద సన్నని గాటు. ఖాంగ్ కుర్రతనంలో సైకిల్ మీదనుంచి పడ్డప్పటిది. అప్పటికి విన్ ఎప్పుడో పోయాడు. గాటు కింద కళ్ళు, చెవులకోసం వచ్చినవాడి కళ్ళు. హద్దు తనే పెట్టుకుంది, ఆ హద్దు దాటి తన చెయ్యే ప్రేమించినవాణ్ణి గీసుకుంది.

పలక్కుండా ఉంటే పెళ్ళి నిలుస్తుంది, ఆ తల్లికి కొడుకూ నిలుస్తాడు. కాని ఖాంగ్ ముఖానికి రోజూ చావుపొగ తగులుతూనే ఉంటుంది.

"ఏమ్మా, ఆగిపోయావు?"

"పెద్దమ్మా, ఈ బొమ్మ విన్ అన్నయ్యది కాదు. నాదే తప్పు. ఇది... ఖాంగ్."

"థోవా, ఊరుకో!" అన్నాడు ఖాంగ్.

ముయ్ గారు బొమ్మను దింపి, కిటికీ దగ్గరికి నడిచి, చిన్నకొడుకు చెంప పక్కన పట్టుకుని చూసింది. తిట్లకు సిద్ధపడి థోవా తలవంచింది. తిట్లు రాలేదు.

"కన్నతల్లిని. చూడగానే నా విన్ అనేశాను," అందామె. "అంటే వాణ్ణి ఏనాడో మరిచిపోయానన్నమాట."

"మళ్ళీ గీస్తాను పెద్దమ్మా. ఆయన కళ్ళెలా ఉండేవో మీరు చెప్పండి చాలు."

"ఏం చెప్పను తల్లీ? ఇప్పుడు కళ్ళు మూసుకున్నా నాకు వీడే కనిపిస్తున్నాడు." బొమ్మను ఖాంగ్ చేతుల్లో పెట్టింది. "తీసుకుపోరా. బతికున్నవాడివి, నీకెందుకీ పొగ?"

థోవా వేళ్ళమధ్య అగరొత్తులు కాలుతూనే ఉన్నాయి. ముయ్ గారు ఆమె మోచెయ్యి పట్టుకుని పీఠంవైపు తిప్పింది.

"పెద్దమ్మ కాదు, అత్తయ్య అను. ధూపం వేసి, 'బావగారూ, మీ ఇంటికి వస్తున్నాను' అని చెప్పు. ముఖం లేకపోతే మాత్రం, మాట వినబడదా వాడికి?"

గోడంతా పొగచూరి ఉంది. బొమ్మ ఉన్నంత మేర మాత్రం సున్నం తెల్లగా మిగిలింది. థోవా ఆ తెల్లని చోటుకు మొక్కి, పెళ్ళి కబురు చెప్పింది.