జడుపు మీటర్

పైడినాయుడు తన గొప్పలు తను చెప్పుకునే మనిషి కాదు. ఎదుటివాడు చెప్పేదాకా అక్కణ్ణించి కదలడు, అంతే. దీన్ని అతను వినయం అనేవాడు. ఆ రోజు ఉప్పుటేరు కాలనీ వీధి మొగలో నిచ్చెనెక్కి, కరెంటు స్తంభానికి తెల్లటి పెట్టె బిగిస్తోంది డాక్టర్ హైమవతి. కింద నిచ్చెన పట్టుకున్నవాడు పైడినాయుడే.

"ఈ కాలనీ సంఘానికి సెక్రటరీ ఎవరని మీరు అడగలేదేంటమ్మా?" అన్నాడు.

"ఎవరండీ?"

"ఆ సంగతి వదిలెయ్యండి," అన్నాడు సిగ్గుపడుతూ.

ఆ పెట్టె పేరు ఫియర్ సెన్సర్. నగరంలో వీధికొకటి పెడుతున్నారు. దానిలోంచి వచ్చే రేడియో తరంగాలు గోడలు దాటి ఇళ్ళలోకి వెళ్ళి, మనుషుల ఛాతీలకు తగిలి తిరిగొస్తాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఛాతీ వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలికను లెక్కగట్టి, వీధిలో భయం వందకి ఎంత ఉందో కింద బోర్డు మీద ఎర్రటి అంకెల్లో చూపిస్తుంది. కాలనీవాళ్ళు మాత్రం దానికి అప్పుడే జడుపు మీటర్ అని పేరు పెట్టేశారు.

"మెట్లెక్కి వచ్చినా గుండె దడదడలాడుతుంది కదమ్మా?" అన్నాడు పైడినాయుడు. అతను చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల మీద సొంతంగా చదువుకున్నదే.

"మంచి ప్రశ్న," అంది హైమవతి. "మెట్లెక్కినవాడు రొప్పుతాడు. భయపడ్డవాడు ఊపిరి బిగబడతాడు. మెషిన్ చూసేది ఆ తేడానే. పేరు దానికి తెలీదు, మొహం తెలీదు."

మంచి ప్రశ్న అన్న మాటకి పైడినాయుడు కాసేపు నిచ్చెన వదిలేశాడు.

అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న సన్యాసమ్మ అదంతా వింటూనే ఉంది. "నీ గుండె కూడా కొలుస్తుందేటి నాయుడూ? కొలవడానికి ఒకటుండాలి కదా," అంది.

ఇదంతా ఎందుకంటే, పోలీస్ స్టేషన్‌కి ఉన్నవి మూడే పెట్రోలింగ్ బళ్ళు. ఇన్నాళ్ళూ ఫిర్యాదులు చూసి పంపేవారు. ఫిర్యాదు ఇచ్చే ధైర్యం ఉన్నవాళ్ళకే కాపలా దొరికేది. ఇకమీదట అంకె ఎక్కువున్న వీధికి బండి వస్తుంది.

పైడినాయుడికి ఆ బండి కావాలి. కిందటి వానాకాలం బజారుకెళ్ళే దారిలో, కాలనీ పక్కనున్న రైలు వంతెన కింద ఎవడో బైకు మీద వచ్చి అతని భార్య నూకరత్నం మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయాడు. మెడ మీద గీత మానిపోయింది. కానీ బజారులో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పే మనిషి, ఆ రోజు నుంచీ గడప దాటలేదు. "వంతెన కాడ పోలీసు బండి ఉంటే ఎల్తానయ్యా," అందొకసారి. తెప్పిస్తానని మాటిచ్చాడు.

బోర్డు వెలిగింది. పద్నాలుగు.

రోడ్డుకవతల కొత్త అపార్టుమెంట్లకి డెబ్భై ఒకటి. వాళ్ళకి ప్రహరీ ఉంది, కెమెరాలున్నాయి, వాచ్‌మెన్లున్నారు. అన్ని ఉన్నాక భయం లేకపోతే ఎలా? మూడు బళ్ళూ అటే వెళ్ళాయి.

"మీవాళ్ళు ధైర్యవంతులండీ నాయుడుగారూ. మెచ్చుకోవాల్సిందే," అన్నాడు ఎస్సై మస్తాన్.

పైడినాయుడికి మెప్పు చేదుగా అనిపించడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

భయపెట్టడం అతనికి ఎవరూ నేర్పలేదు. అదీ సొంతంగానే నేర్చుకున్నాడు. దీపాలు పెట్టే వేళకి బయల్దేరి, ముందు సన్యాసమ్మ అరుగెక్కాడు.

"ఒక ముఠా దిగిందట పిన్నీ. ఒంటికి నూనె రాసుకుని వస్తారట. పట్టుకుంటే జారిపోతారట."

"నూనె ధర తెలుసా నీకు? అంత నూనె కొనగలిగినోడు మా ఇంటికెందుకొస్తాడు?"

బోర్డు మీద అంకె కదల్లేదు. పైడినాయుడు లేచి వెళ్ళిపోతూ, ఊరికే అన్నాడు: "మీ పెరటి తలుపు గడియ వదులుగా ఉన్నట్టుందే."

సన్యాసమ్మ చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. స్తంభం మీద అంకె ఒకటి పెరిగింది.

అప్పుడతనికి కిటుకు దొరికింది. పెద్ద కథ చెబితే జనం నవ్వుతారు. చిన్న ప్రశ్న అడిగి వెళ్ళిపోవాలి. ఒకరింటి ముందు, "పాప ట్యూషన్ నుంచి ఒక్కతే వస్తుందా?" ఇంకొకరింటి ముందు, "మధ్యాహ్నం మీ మేడ మీద తిరిగినాయన మీ బంధువేనా?" జవాబు కోసం ఆగేవాడు కాదు. వెనక తలుపులు ఒక్కొక్కటే మూసుకునేవి.

ముప్పై అయింది. యాభై అయింది. వీధిలో పిల్లల క్రికెట్ ఆగిపోయింది. పాలబ్బాయి కేకేస్తే కిటికీ సందులోంచి గిన్నె వచ్చేది తప్ప మనిషి వచ్చేది కాదు. అరవై దాటాక వంతెన దగ్గరికి పోలీసు బండి వచ్చి నిలబడింది. దాని మీద తిరిగే ఎర్రదీపం, నీలిదీపం గోడల మీద పడుతుంటే జనం లోపల గుసగుసలాడుకున్నారు. బండి ఊరికే రాదు కదా, ఏదో జరిగే ఉంటుంది. ఎనభై.

పైడినాయుడు గెంతుకుంటూ ఇంటికెళ్ళాడు. "బండి వచ్చిందే రత్నం. రేపు కుట్టుక్లాసుకి ఎల్దువు."

నూకరత్నం తలుపుకి కొత్త గొళ్ళెం బిగిస్తోంది. "అన్నీ విన్నానయ్యా. గోడవతల అందరికీ చెప్పేవు. జడుసుకుంటానని నాకొక్కదానికే దాచేవు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బజారు మాట ఇంక ఎత్తకు."

నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. చెబితే ఈమెకి తేలికవుతుంది, పొద్దున్నకి వీధంతా తెలిసిపోతుంది, అంకె పడిపోతుంది, బండి వెళ్ళిపోతుంది. నోరు మూసుకున్నాడు. మర్నాడు దీపాల వేళకి మళ్ళీ బయల్దేరాడు కూడా. బండి నిలవాలి కదా అనుకున్నాడు. అసలు మాట, ఆ షికారు అతనికి అలవాటైపోయింది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఎస్సై, హైమవతి కలిసి అతన్ని వీధి మొగకి పిలిచారు.

"నాయుడుగారూ, మీ కాలనీలో నిజంగానే ఒక ప్రమాదకరమైన మనిషి తిరుగుతున్నాడు," అంది హైమవతి మెల్లగా. ఆమె చేతిలో ట్యాబ్ ఉంది, దాని తెర మీద వీధి పటం, అందులో ఒక ఎర్రచుక్క. "భయం ఎక్కడుందో చూస్తున్న మెషిన్, అది ఎక్కణ్ణించి వస్తోందో కూడా పట్టింది. రోజూ దీపాల వేళకి ఒకడు ఇంటింటి ముందూ ఆగుతున్నాడు. వాడు ఆగిన చోటల్లా లోపలివాళ్ళ ఊపిరి బిగుసుకుంటోంది."

పైడినాయుడు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తను నోటితో అల్లిన దొంగ కాళ్ళొచ్చి వీధిలో నడుస్తున్నాడా? తన మాటకి నిజమయ్యేంత బలముందని అతనికి తెలీదు. నూకరత్నం ఇంట్లో ఒక్కతే ఉంది.

"ఇప్పుడెక్కడున్నాడు సార్?"

"ఇక్కడే ఎక్కడో," అన్నాడు మస్తాన్ లాఠీ తీస్తూ.

పైడినాయుడు గోడ చాటుకి పరిగెత్తాడు. అటు నుంచి సన్యాసమ్మ అరుగు దాకా వెళ్ళి చూశాడు. మళ్ళీ వెనక్కొచ్చాడు. ఎస్సై ట్యాబ్ లోంచి తలెత్తి అతన్నే చూస్తున్నాడు.

"కదలకండి."

కదల్లేదు.

"రెండడుగులు వెనక్కి వెయ్యండి."

వేశాడు.

హైమవతి ట్యాబ్ అతనివైపు తిప్పింది. ఎర్రచుక్క కూడా రెండడుగులు వెనక్కి వేసింది.

మస్తాన్ లాఠీ దించేశాడు. "దీనికి సెక్షనేదీ లేదండీ," అన్నాడు. "కానీ ఈ చుక్క ఎక్కడుంటే బండి అక్కడుండాలి. మా ఆర్డర్ అదే."

పైడినాయుడు ఇంటిదారి పట్టాడు. వెనక హైమవతి, ఎస్సై నడిచారు. వాళ్ళ వెనక పోలీసు బండి, దీపాలు తిప్పుకుంటూ, నెమ్మదిగా వచ్చింది. అతను దాటిన ప్రతి ఇంట్లోనూ లైటు ఆరిపోయింది.

తన గుమ్మం ముందు ఆగాడు. లోపల ఉన్నది ఒక్క గుండే. ట్యాబ్‌లో దాని గీత నిటారుగా లేచి నిలబడింది.

"రత్నం, నేనే."

"ఏమైందయ్యా? ఆ దీపాలేంటి? ఎవరికేమైంది?"

"ఏమీ కాలేదు." గీత ఇంకా పైకి లేచింది. ఎప్పుడూ లేనిది పైడినాయుడు తలుపుకి నుదురానించి నిజం చెప్పాడు. "దొంగలూ లేరు, ముఠా లేదు. అన్నీ నేను అల్లిన మాటలే. బండి కోసం చెప్పేను. తలుపు తియ్యి."

లోపల బీరువా ఈడ్చి తలుపుకి అడ్డం పెడుతున్న చప్పుడు.

"పీక మీద కత్తి పెట్టి చెప్పిస్తున్నారా నీ చేత?" అంది నూకరత్నం. "ఎంతమందున్నారయ్యా?"

అబద్ధం చెప్పి నమ్మించడం పైడినాయుడు సొంతంగానే నేర్చుకున్నాడు. నిజం చెప్పి నమ్మించడం ఎలాగో ఇంకా నేర్చుకోలేదు.