డులూత్ చానెల్

ఐలీ పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టి, వంటింట్లోంచే టీవీ పెట్టింది. ఆమె పుట్టిన ఊరు, సరస్సు ఒడ్డునున్న డులూత్ వార్తలు వస్తున్నాయి. సరస్సు మీద పల్చగా పొగమంచు ఉందట, అలలు తక్కువట, సాయంత్రం దాకా ఎండేనట. కిటికీ బయట మాత్రం కనుచూపు మేర గోధుమ చేలు. నార్త్ డకోటాలోని ఆ ఇంటి నుంచి సరస్సుకు వెళ్ళాలంటే ఒక పగలంతా కారు నడపాలి.

"ఇంతకీ మన చేలో అలలు ఎంతెత్తు లేస్తాయట?" అన్నాడు ఓరిన్, రొట్టెకు వెన్న రాసుకుంటూ.

ఆమె నవ్వింది. అరవై దాటాక చేసుకున్న పెళ్ళి వాళ్ళది. ఓరిన్ భార్య జబ్బుతో పోయింది. ఐలీ మొదటి భర్త ఆర్వో డులూత్‌లో చేపలు పట్టేవాడు. ఒక నవంబరులో సరస్సు మీదికి వెళ్ళాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. పూడ్చడానికి ఏమీ లేక, చర్చిలో ప్రార్థన చేసి ఖాళీ శవపేటికనే మట్టి చేశారు.

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె సరిగా తినేది కాదు. పుట్టిన ఊరి మీద బెంగ అనుకున్నాడు ఓరిన్. శాటిలైట్ టీవీలో ఏ ఊరి చానెళ్ళు ఆ ఊరి వాళ్ళకే ఇస్తారు. అందుకని కంపెనీకి డులూత్‌లో ఉన్న ఐలీ చెల్లెలి అడ్రసు ఇచ్చారు. అయినా ఆ సిగ్నల్ ఇంత దూరం వచ్చేసరికి పలచబడిపోయేది, మామూలు డిష్‌కు అందేది కాదు. ఓరిన్ రెట్టింపు పెద్ద డిష్ తెచ్చి, ట్రాక్టర్ షెడ్డు వెనక స్తంభం పాతి, చలిలో నిలబడి అటూ ఇటూ తిప్పాడు. తెర మీద సరస్సు అద్దంలా కనబడగానే ఐలీ అతన్ని పట్టుకుని ఏడ్చింది. సంతోషం అనుకున్నాడతను.

అతనికి తెలియనిది ఒకటుంది. వాతావరణం చెప్పాక రేవు గట్టును ఒక్క నిమిషం చూపిస్తారు. ఆ గట్టు చివర అప్పుడప్పుడూ ఒక మనిషి నిలబడి ఉంటాడు. పసుపుపచ్చ వానకోటు, నీళ్ళకేసి తిరిగిన మొహం, కాస్త జారిన ఎడమ భుజం. ఆర్వో అలాగే నిలబడేవాడు. పాత టీవీలో అయితే అదొక మరకలా ఉండేది. ఈ హెచ్‌డీ బొమ్మలో భుజం వాలు కూడా తెలిసిపోతోంది. చచ్చినవాళ్ళు తిరిగి రారని ఐలీకి తెలుసు. కానీ శవమైనా రాలేదు కదా. ఆ నిమిషం కోసమే ఆమె రోజంతా బతుకుతోంది. అతను ఒక్కసారి ఇటు తిరిగితే చాలనుకునేది, తిరుగుతాడేమోనని వణికేది కూడా.

ఫోన్లకు తుఫాను హెచ్చరికలు రాని రోజులవి. ఆ సాయంత్రం వార్తల వేళకు ఇంట్లో వెలుతురు ఆకుపచ్చగా మారింది. తెర మీద డులూత్‌లో ఎండ కాస్తోంది. ఇక్కడి చానెల్ పెట్టి ఉంటే ఊరి పేరుతో సహా సుడిగాలి హెచ్చరిక వచ్చేది. పసుపుపచ్చ కోటు మనిషి తెర మీదికి వచ్చాడు. ఆమె చూస్తుండగానే తల కొంచెం కదిపాడు. అంతలో బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి ఆగిపోయింది.

డిష్‌కు ఏమైందోనని ఐలీ బయటికి పరుగెత్తింది. గాలికి స్తంభం ఊగుతోంది. రెండు చేతులా దాన్ని పట్టుకుని నిలబడింది. చేలవతల నేలకూ మబ్బుకూ మధ్య సుడి తిరుగుతున్న నల్లటి గాలిని ఆమె చూడనే లేదు. ఓరిన్ కొట్టంలోంచి పరుగున వచ్చి ఆమెను ఈడ్చుకెళ్ళి నేలమాళిగ మెట్ల మీదికి తోశాడు. అతను దిగేలోపే షెడ్డు తలుపు ఎగిరొచ్చి అతని కాళ్ళ మీద పడింది.

తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. అతని కూతురు మార్లిస్ ఆసుపత్రికి వచ్చి, జరిగింది విని ఐలీ వైపు తిరిగింది.

"మా నాన్న ఈ ఊళ్ళో ఉన్నాడు. మీరు ఏ ఊళ్ళో ఉన్నారు, ఐలీ?" అంది.

ఐలీ అతని దుప్పటి సర్దింది.

"అమ్మ పోయాక ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మీరొచ్చాక మనిషయ్యాడు. అందుకే మిమ్మల్ని ఒక్క మాట అనలేదు నేను. ఆ చానెల్లో ఏముందో ఇప్పుడైనా చెప్పండి."

అప్పుడు చెప్పింది ఐలీ, గట్టు గురించీ, కోటు గురించీ, భుజం గురించీ. మార్లిస్ మొహం తిప్పుకుంది. మంచం మీద మత్తులో ఉన్నాడనుకున్న ఓరిన్ కళ్ళు తెరిచే ఉన్నాడు.

"ఆ చానెల్ ఇప్పుడే తీసేయించకు మార్లిస్," అన్నాడు మెల్లగా. "ముందు తను ఆ గట్టుకు వెళ్ళి చూడాలి. చూడకపోతే తను ఇంటికి రాదు."

ఓరిన్ ఊతకర్రలతో నడిచే రోజు వచ్చాక మార్లిస్సే కారు తీసింది. దారి పొడుగునా ఆమె మాట్లాడింది తండ్రితోనే. కానీ డులూత్‌లో దిగగానే తన ఉన్ని టోపీ తీసి ఐలీ తలకు పెట్టి, "గాలి చంపేస్తోంది, వెళ్ళు," అంది. ఆమె ఐలీని నువ్వనడం అదే మొదలు.

వార్తల వేళ. గట్టు చివర అతను నిలబడి ఉన్నాడు. ఐలీ దగ్గరికి వెళ్ళింది. "ఆర్వో," అని పిలవబోయింది. అడుగుల చప్పుడుకు అతనే ఇటు తిరిగాడు. ఎవరో ముసలాయన. ఎర్రటి బుగ్గలు, తెల్లటి కనుబొమలు. ఎన్నడూ చూడని మొహం.

ఆమె మొహంలో ఏం కనబడిందో, ఆయన టోపీ తీశాడు.

"ఎవరికోసమైనా చూస్తున్నావా అమ్మా?"

"మా ఆయన కోసం."

"ఇంకా రాలేదా?"

ఐలీ నీళ్ళకేసి చూసింది. బూడిద రంగు నీళ్ళు, అంచు కనబడకుండా. ఆ అడుగున ఎక్కడో ఆర్వో ఉన్నాడు. ఈ గట్టు మీద ఎప్పుడూ లేడు. ఆ సంగతి మొదటిసారి ఆమె ఒంటికి తెలిసింది, చలి తెలిసినట్టు. ఆర్వో పోయాడని ఇన్నేళ్ళూ రాని ఏడుపు అక్కడే, పరాయివాడి ఎదుట, వెక్కివెక్కి వచ్చింది.

వెనక తడి రాతి మీద టకటకమని ఊతకర్రల చప్పుడు వినబడింది. మార్లిస్ ఓరిన్ భుజం పట్టుకుని వస్తోంది. ఆమె వద్దన్నకొద్దీ అతను ముందుకే వస్తున్నాడు, పళ్ళు బిగబట్టి.

"వస్తున్నాడు," అంది ఐలీ ఆ ముసలాయనతో, కళ్ళు తుడుచుకుని. "అడుగో." అని ఓరిన్‌కు ఎదురు నడిచింది.